అమ్మ చేతికందే వెండితెర

ఢిల్లీ నగరంలో 'సరాయ్' అన్న మాటతో ముగిసే పేర్లు అనేకం ఉన్నాయి. బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్, షేక్ సరాయ్. సరాయ్ అంటే సత్రం. బాటసారి ఒక రాత్రి తల దాచుకుని, తెల్లవారగానే మూట కట్టుకుని సాగిపోయే చోటు. కాలక్రమాన సత్రాలు పోయాయి, పేర్లు మిగిలాయి. అయితే వాటిలో ఒకటి మాత్రం తన పేరుకు నేటికీ న్యాయం చేస్తూనే ఉన్నది. అది జియా సరాయ్.

1961లో మొదలైన ఐఐటీకి కూతవేటు దూరంలో, నాలుగైదు అంతస్తుల మేడలు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు నిలబడి ఉంటాయి అక్కడ. సందుల్లో ఆకాశం గజం వెడల్పున కనిపిస్తుంది. జిరాక్సు దుకాణాలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, కోచింగ్ బోర్డులు, పరాఠాల పెనాలు. ఇంజనీరింగ్ సర్వీసుకో, గేట్‌కో, నెట్ పరీక్షకో చదివే పిల్లలు దేశం నలుమూలల నుంచి వచ్చి, ఒక ఏడాదో రెండేళ్ళో ఉండి వెళ్ళిపోతారు. ఏ మెట్ల మీదనో తెలుగు మాట చెవిన పడకుండా సాయంకాలం గడవదు.

అటువంటి చోట ఒక తెలుగు పరిశోధక విద్యార్థి మూడు నెలలకు గది అద్దెకు తీసుకోవలసి వచ్చింది. హాస్టల్లో హాయిగా ఉన్నవాడు బయటికి రావటానికి కారణం తల్లి. తెనాలి దగ్గర పల్లెలో ఉండే ఆమెకు శస్త్రచికిత్స అవసరమైంది. అది ఢిల్లీలో జరిగింది. తరువాత మూడు నెలలపాటు విడతలు విడతలుగా పరీక్షలకు వెళ్ళాలి. మెట్లు ఎక్కి దిగకూడదు. మూడో అంతస్తు గదిలో ఉండాలి. కొడుకు ఉదయం తొమ్మిదింటికి ప్రయోగశాలకు వెళితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది.

ఆమెకు తెలుగు తప్ప మరొక భాష రాదు. పక్క గదుల వాళ్ళు మంచివాళ్ళే, కాని పగలు ఎవరూ ఉండరు. పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకే కళ్ళు లాగుతాయి. ఫోన్‌లో మాట్లాడటానికి ఊళ్ళో అందరికీ ఎవరి పనులు వారికి ఉంటాయి. గదిలో ఇంటి యజమాని ఉంచిన ముప్పై రెండు అంగుళాల పాత టీవీ ఉన్నది. దానికి ఉన్న కనెక్షన్‌లో తెలుగు చానల్ ఒక్కటీ లేదు. మొదటి వారం ఆమె హిందీ ధారావాహికలను మూకీ చిత్రాలు చూసినట్టు చూసింది. రెండో వారం టీవీ పెట్టటమే మానేసింది.

ఆ టీవీకి ఒక చిన్న కంప్యూటరును జోడించి, గదిని ఆమెకు ఇష్టమైన సినిమా హాలుగా మార్చాలని కొడుకు సంకల్పించాడు. పరిశోధక వేతనం 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళకు నెలకు 37,000 రూపాయలు. అందులో గది అద్దె, మందులు, ఇంటి ఖర్చు పోగా ఈ పనికి పది వేలకు మించి పెట్టే స్థితి లేదు. "నాకెందుకురా ఈ దండగ ఖర్చు? గోడ వంక చూస్తూ పడుకుంటాను" అన్నది తల్లి. గోడ వంక చూస్తూ పడుకోవటమే అతడు భరించలేకపోయింది.

ముందు అడగవలసిన ప్రశ్న

కంప్యూటరు కొనబోయేవారిలో చాలామంది మొదట వేసే ప్రశ్న 'ఏ ప్రాసెసర్?' అన్నది. అది రెండో ప్రశ్న కావలసినది. మొదటి ప్రశ్న 'ఏం చూడబోతున్నాం?' అన్నది. దానికి జవాబు తెలిస్తే మిగిలిన ప్రశ్నలు సగం వాటంతట అవే రాలిపోతాయి.

ఈ ఇంటి విషయంలో జవాబు ఒక రేకు పెట్టెలో ఉన్నది. ఊరి నుంచి వస్తూ తల్లి బట్టల మధ్య దాన్ని పెట్టుకుని తెచ్చుకున్నది. 2007లో మోజర్ బేర్ సంస్థ సినిమా డిస్కుల ధర ఒక్కసారిగా తగ్గించి అమ్మినప్పుడు తెలుగు పల్లెల్లో కూడా ఇంటింటా వీసీడీలు పేరుకున్నాయి. ఆమె దగ్గర దాదాపు నలభై సినిమాలు ఉన్నాయి. వాటితో పాటు కూతురి పెళ్ళి క్యాసెట్టును డిస్కులోకి ఎక్కించిన ప్రతి ఒకటి, ఊరి తిరునాళ్ళది ఒకటి.

వీసీడీ అంటే సాంకేతికంగా చాలా బీద సరుకు. భారతదేశంలో వాడుకలో ఉన్న పద్ధతిలో దాని బొమ్మ వెడల్పు 352 చుక్కలు, ఎత్తు 288 చుక్కలు. మొత్తం లక్షకు కాస్త పైన. ఈనాడు దుకాణాల్లో గొప్పగా చూపించే 4కె తెర మీద ఎనభై రెండు లక్షల తొంభై నాలుగు వేల చుక్కలు ఉంటాయి. అంటే వీసీడీ బొమ్మ అందులో ఎనభై రెండో వంతు. ఎంత ఖరీదైన యంత్రమైనా లేని చుక్కలను సృష్టించలేదు. ఉన్న చుక్కలను తొట్రుపడకుండా చూపించగలిగితే చాలు.

నిల్వ సంగతి కూడా అంతే. 1957 నాటి 'మాయాబజార్' మూడు గంటల పైచిలుకు సినిమా. వీసీడీలో మూడు డిస్కులు పట్టేది. మూడూ కలిపి కంప్యూటరులోకి ఎక్కిస్తే రెండు గిగాబైట్లు కూడా కాదు. నలభై సినిమాలు కలిపినా ఎనభై గిగాబైట్లకు లోపే. కాబట్టి టెరాబైట్ల డిస్కు అక్కరలేదు. 128 గిగాబైట్ల చిన్న నిల్వ సాధనం సరిపోతుంది. డబ్బిచ్చి కొనుక్కున్న డిస్కులను సొంత వాడకానికి ఎక్కించుకోవటమే గాని, అమ్మటానికీ పంచటానికీ కాదు గనుక ఆ లెక్కలో దాపరికమేమీ లేదు.

'టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొని పడేస్తే పోలేదా?' అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. చాలా ఇళ్ళకు అదే సరైన జవాబు కూడా. తెలుగు చిత్రాల కోసమే 2020లో మొదలైన 'ఆహా' వంటివి వాటిలో సులభంగా వస్తాయి. కాని ఈ గదిలో రెండు అడ్డంకులు ఉన్నాయి. మేడ మొత్తానికి ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. పిల్లలందరూ పాఠాల వీడియోలు పెట్టే వేళకు అది నత్తనడక నడుస్తుంది. రెండవది, కూతురి పెళ్ళి డిస్కు ఏ ఓటీటీలోనూ లేదు.

నెహ్రూ ప్లేస్‌లో ఒక మధ్యాహ్నం

జియా సరాయ్ వారికి కంప్యూటరు బజారు దూరం కాదు. 2018 మే నెలలో మెజెంటా మెట్రో మార్గం తెరిచాక మరీ దగ్గరయింది. ఐఐటీ స్టేషన్లో ఎక్కితే హౌజ్ ఖాస్, పంచశీల్ పార్క్, చిరాగ్ ఢిల్లీ, గ్రేటర్ కైలాష్ దాటి నెహ్రూ ఎన్‌క్లేవ్. అక్కడి నుంచి నెహ్రూ ప్లేస్‌కు నడిచి వెళ్ళవచ్చు. చదును రాళ్ళు పరిచిన విశాలమైన ఆవరణ, చుట్టూ ఎత్తయిన భవనాలు, కింద మదర్‌బోర్డులు, మెమొరీలు, వైర్ల చుట్టలు. పక్కనే చీరల గుడ్డలూ కర్టెన్ల గుడ్డలూ అమ్మే కొట్లు.

అతడి వెంట ఇద్దరు మిత్రులు వచ్చారు. ఒకడు ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షకు చదువుతున్న వరంగల్ కుర్రవాడు. రెండవవాడు గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ముగ్గురి ముందు నాలుగు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, విడిభాగాలు కొని కట్టించుకునే పెద్ద క్యాబినెట్ కంప్యూటరు. పాతికేళ్ళ క్రితం హోమ్ థియేటర్ కంప్యూటరు అంటే ఇదే. దానికి రెండు దోషాలు. ఊరికే ఆన్‌లో ఉన్నా అరవై వాట్ల వరకూ తాగుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు పద్నాలుగు యూనిట్లు దాటుతుంది. రెండో దోషం చప్పుడు. పదడుగుల గదిలో, మంచానికి మూడు అడుగుల దూరంలో, ఫ్యాను గుయ్యిమంటూ ఉంటే జబ్బు మనిషికి నిద్ర పట్టదు.

రెండవది, కార్యాలయాలు కొన్నాళ్ళు వాడి తీసేసిన చిన్న కంప్యూటర్లు. లావుపాటి పుస్తకమంత ఉంటాయి. నెహ్రూ ప్లేస్‌లో వీటిని శుభ్రం చేసి తక్కువ ధరకు అమ్ముతారు. ఇక్కడ కొనేవాడు చూసుకోవలసినది ఇంటెల్ ప్రాసెసర్ తరం. ఈనాటి వీడియోలను ప్రాసెసర్ తన సాధారణ బలంతో విప్పుకుంటూ పోతే వేడెక్కుతుంది. ఆ పనికి విడిగా నిర్మించిన భాగం దానిలోనే ఉంటే చల్లగా, నిశ్శబ్దంగా విప్పుతుంది. 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతిని, అందులో పది బిట్ల రంగులతో సహా, ఇలా విప్పగలిగేది ఏడవ తరం నుంచి. 2018లో వచ్చిన ఏవీ1 పద్ధతి కావాలంటే పదకొండవ తరం దాకా రావాలి.

మూడవది, 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న కొత్త చిన్న పెట్టె. దాని రూపకల్పనలో ఉద్దేశించిన విద్యుత్తు ఆరు వాట్లే. ఏవీ1తో సహా అన్ని పద్ధతులనూ విప్పుతుంది. గురుగ్రామ్ మిత్రుడు దీని వైపే మొగ్గాడు. 4కె టీవీ, మంచి ఇంటర్నెట్ ఉన్న ఇంటికైతే అతడి మాటకు తిరుగు లేదు. ఇక్కడ మాత్రం బడ్జెట్టు దాటింది.

నాలుగవది రాస్‌బెరీ పై. 2012లో మొదటిసారి వచ్చినప్పుడు అది బడిపిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే సాధనం. అరచేతిలో ఇమిడే పచ్చని పలక. 2019లో వచ్చిన నాలుగవ నమూనా 4కె హెచ్.265 వీడియోలను కూడా హాయిగా విప్పుతుంది. ఏవీ1 దానికి ప్రత్యేకంగా రాదు. కాని వీసీడీల కోసం ఏవీ1 ఎవరికి కావాలి? ఐదు వాట్ల లెక్కన నెలకు ఒకటింబావు యూనిట్ల లోపు. లోహపు డబ్బాలో బిగిస్తే ఆ డబ్బాయే వేడిని పీల్చుకుంటుంది, ఫ్యాను అక్కరలేదు.

తూకాన్ని చివరకు మొగ్గించిన గుణం మరొకటి ఉన్నది. హెచ్‌డీఎమ్‌ఐ తీగలో బొమ్మ, ధ్వనితో పాటు సీఈసీ అనే సంకేత మార్గం ఒకటి ఉంటుంది. టీవీ రిమోట్ మీద నొక్కిన మీటను అది అవతలి యంత్రానికి చేరవేస్తుంది. ఒక్కొక్క టీవీ సంస్థ దీన్ని ఒక్కొక్క పేరుతో పిలుస్తుంది. సామ్‌సంగ్ వారు ఎనీనెట్ ప్లస్ అన్నారు, సోనీ వారు బ్రావియా సింక్ అన్నారు, ఎల్‌జీ వారు సింప్లింక్ అన్నారు. సాధారణ కంప్యూటర్లలో చాలావాటికి ఇది ఉండదు. దానికోసం విడిగా ఒక పరికరం కొనాలి. రాస్‌బెరీ పైలో పుట్టుకతోనే ఉన్నది. అంటే కీబోర్డు లేదు, మౌసు లేదు, రెండో రిమోట్ లేదు. ఆమె చేతికి అలవాటైన టీవీ రిమోట్ ఒక్కటే చాలు.

దుకాణంలో మరచిపోకుండా అడిగి తీసుకోవలసినవి రెండు ఉన్నాయి. ఈ పలకకు ఉండేది చిన్న మూతి మైక్రో హెచ్‌డీఎమ్‌ఐ. మామూలు తీగ దానికి పట్టదు. అలాగే ఏ ఫోన్ చార్జరో తగిలిస్తే కరెంటు చాలక తెర మూల మెరుపు గుర్తు వస్తుంది. 5.1 వోల్టులు, మూడు ఆంపియర్లు ఇచ్చే దాని సొంత చార్జరే తీసుకోవాలి. పది రూపాయల బిస్కెట్టు పొట్లమంత ఆ డబ్బాను చూసి, "ఇందులో ఎస్వీ రంగారావు పడతాడా?" అన్నది తల్లి.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

యంత్రం ఇల్లు వంటిదైతే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఇంటి ఇల్లాలు వంటిది. వచ్చినవాడికి ఏది ఎక్కడుందో చూపించేదీ, లోపలి గందరగోళం బయటికి కనిపించకుండా సర్దేదీ అదే.

విండోస్‌కు ఈ రంగంలో పాత చరిత్రే ఉన్నది. 2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీలో మీడియా సెంటర్ అన్న ప్రత్యేక కూర్పును తెచ్చింది. సోఫాలో కూర్చుని రిమోట్‌తో నడపగలిగే పెద్ద అక్షరాల తెర అది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తొలగించారు. ఆ విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లను అంగీకరించదు. కాబట్టి సెకండ్‌హ్యాండ్ చిన్న పెట్టె కొనేవారు ఈ లెక్క తప్పక చూసుకోవాలి. అయితే ఒక్క మేలు విండోస్‌లో ఉన్నది. ఓటీటీ సంస్థలు తమ చిత్రాలకు తాళం వేసి పంపుతాయి. లినక్స్ బ్రౌజర్లలో ఆ తాళం బలహీనమైన తరగతికి చెందినది కావటం వల్ల పూర్తి స్పష్టత గల ప్రతిని సంస్థలు సాధారణంగా ఇవ్వవు. ఓటీటీలే ప్రధానమైన ఇంటికి లినక్స్ పెట్టి తరువాత విచారించటం కన్న, ముందే ఈ సంగతి తెలుసుకోవటం మంచిది.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఇప్పుడు అనేక రూపాల్లో దొరుకుతున్నది. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో బాస్ అన్న పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్స్‌ను విడుదల చేసింది. హైదరాబాదులో స్వేచ్ఛ అన్న సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ కోసం కృషి చేసింది. వరంగల్ మిత్రుడు ఈ వైపు వాదించాడు. తెరమీద అన్నీ తెలుగులో కనిపిస్తే పిన్నిగారికి ఇబ్బంది ఏముంటుందన్నది అతడి వాదం.

చూడటానికి న్యాయంగానే ఉన్నది. అతడి దగ్గర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో సాధారణ లినక్స్ మీద కోడీ అన్న సాఫ్ట్‌వేరును పెట్టి, కొన్ని సినిమాలు ఎక్కించి టీవీకి తగిలించారు. ఆ కోడీ పుట్టుక కూడా వినోదమైనదే. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఆటయంత్రంలో సినిమాలు చూడాలన్న కుతూహలంతో కొందరు ప్రోగ్రామర్లు 2002 ప్రాంతంలో మొదలుపెట్టారు. 2014లో దాని పేరు కోడీగా మారింది. అది తనంతట తాను ఏ సినిమానూ ఇవ్వదు. మన దగ్గర ఉన్నవాటిని పోస్టర్లతో, వివరాలతో అందంగా అమర్చి చూపిస్తుంది.

మూడు గంటలు

మరునాడు కొడుకు ప్రయోగశాలకు వెళ్ళాడు. తల్లి 'గుండమ్మకథ' పెట్టుకున్నది. అరగంట గడిచాక తెర మధ్యలో చిన్న గడి ఒకటి తెరుచుకున్నది. అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయని దాని భావం. ఆమె ల్యాప్‌టాప్ మీద ఏదో మీట నొక్కింది. సినిమా వెనక్కి పోయింది, ఖాళీ తెర, చీమలంత బొమ్మలు మిగిలాయి. మరొకటి నొక్కింది. మరొక కిటికీ తెరుచుకున్నది. ఇక నొక్కితే యంత్రం పాడైపోతుందన్న భయంతో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది.

రాత్రి ఎనిమిదింటికి కొడుకు వచ్చి చూసేసరికి తెరమీద ఆ కిటికీలు అలాగే ఉన్నాయి. ఎంతసేపయిందని అడిగితే, సాయంత్రం ఐదింటి నుంచి అన్నది. "ఫోన్ చెయ్యలేకపోయావా అమ్మా?" అన్నాడు. "పనిలో ఉంటావు గదా. పరికరం పాడుచేశానేమోనని కూడా భయమేసింది" అన్నది ఆమె.

మూడు గంటలపాటు ఒక మనిషిని దోషిలా కూర్చోబెట్టిన ఆ తెరలో సాంకేతికంగా తప్పేమీ లేదు. ప్రతి కిటికీ తన ధర్మం తాను నిర్వర్తించింది. దాని మీది అక్షరాలన్నీ తెలుగులో ఉన్నా ఫలితం అదే అయ్యేది. ఎందుచేతనంటే ఆమెకు తెలియనిది భాష కాదు, ఆ లోకపు కట్టడి. ఒక కిటికీ వెనక మరొక కిటికీ ఉంటుందని, మూసినది నిజంగా పోలేదని, గడిలో గుర్తుపెట్టనంత మాత్రాన ఏమీ కాదని కంప్యూటరుతో పెరిగిన తరానికి చెప్పకుండానే తెలుసు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రే నిర్ణయం జరిగిపోయింది. లిబ్రెఎలెక్ అన్న వ్యవస్థ ఒకటి ఉన్నది. ఓపెన్ఎలెక్ అన్న పాత ప్రయత్నం నుంచి 2016లో విడివడింది. అది కూడా లినక్సే. కాని కోడీని నడపటానికి ఎంత అవసరమో అంతే ఉంచి తక్కినదంతా తీసేశారు. డెస్క్‌టాప్ లేదు, బ్రౌజరు లేదు, కిటికీలు లేవు. యంత్రం వెలిగిందంటే తిన్నగా సినిమాల తెరే. వెనక్కి ఎన్నిసార్లు నొక్కినా చివరకు చేరేది మొదటి పేజీకే. జారిపడటానికి కింద గొయ్యి లేదు. నవీకరణలను మనం చెప్పినప్పుడే జరిగేట్టు పెట్టుకోవచ్చు.

దానికి మరో సుగుణం ఉన్నది. వ్యవస్థకు సంబంధించిన ఫైళ్ళను అది చదవటానికే తప్ప రాయటానికి వీలులేని రీతిలో ఉంచుతుంది. హఠాత్తుగా కరెంటు పోయినా, ఎవరైనా తీగ పీకినా, ఆ ఫైళ్ళు చెదరవు. మళ్ళీ తగిలిస్తే లేచి నిలబడుతుంది. వేసవిలో ఢిల్లీ ఇరుకు సందుల్లోనూ, గాలివాన రోజుల్లో తెనాలి పల్లెల్లోనూ ఇది చిన్న విషయం కాదు.

'బొమ్మ ఊగుతోందిరా'

రాస్‌బెరీ పైలో లిబ్రెఎలెక్ ఎక్కించటం అరగంట పని. సర్దుబాట్లకు మాత్రం రెండు రాత్రులు పట్టింది. మొదటి ఫిర్యాదు తల్లి నుంచే వచ్చింది. "మాటలప్పుడు బాగానే ఉంది గాని, పాటలో చెట్లు పక్కకు జరిగేటప్పుడు బొమ్మ ఊగుతోందిరా" అన్నది. కొడుకు కంటికి మొదట అది కనిపించలేదు. శ్రద్ధగా చూస్తే నిజమే.

కారణం సులువుగానే తెలిసింది. మన వీసీడీలలో సెకనుకు 25 బొమ్మలు ఉంటాయి. ఆ తెర సెకనుకు 60 సార్లు కొత్తబడుతున్నది. 60ని 25తో సమంగా భాగించలేం. కాబట్టి ఒక బొమ్మ రెండుసార్లు, మరొకటి మూడుసార్లు తెరమీద నిలుస్తుంది. నిలకడగా ఉన్న దృశ్యంలో తెలియదు. కెమెరా పక్కకు తిరిగినప్పుడు మాత్రం అడుగు తడబడిన నడకలా కనిపిస్తుంది. తెర వేగాన్ని 50కి మారిస్తే ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లు పడుతుంది, నడక సాఫీ అవుతుంది. సినిమా ఏ వేగంలో ఉంటే తెరను ఆ వేగానికి మార్చే ఏర్పాటు కోడీలోనే ఉన్నది. మొదట అది ఆపి ఉంటుంది, మనం వెతికి పెట్టుకోవాలి. సెకనుకు 24 బొమ్మల కొత్త సినిమాలకు కూడా ఇదే సూత్రం. వేలకు వేలు పోసి కొన్న తెరల మీద కూడా ఈ ఒక్క సర్దుబాటు చేయనందువల్ల ఊగే బొమ్మలను చూస్తున్న ఇళ్ళు లేకపోలేదు.

ధ్వని విషయంలో పాత సినిమాలతో చిక్కు లేదు. ఆరు స్పీకర్ల కోసం కూర్చిన కొత్త సినిమాలను టీవీలోని రెండు స్పీకర్లలో వింటే మాటలు సన్నగా, ఫైటింగులు పెద్దగా వినిపిస్తాయి. ఆరింటిని రెండుగా కలిపేటప్పుడు మాటల స్థాయి తగ్గకుండా చూసే ఏర్పాటు కూడా అక్కడే ఉన్నది. అది పెట్టాక పక్క గది విద్యార్థుల చదువుకు భంగం తప్పింది.

పౌరాణికాలు, జానపదాలు, సాంఘికాలు

ఇక మిగిలినది సినిమాలను అమర్చటం. సాఫ్ట్‌వేరు తనంతట తాను వాటిని అక్షరక్రమంలోనో, సంవత్సరం వారీగానో పేర్చింది. ఇంగ్లీషు అక్షరక్రమం ఆమెకు అక్కరకు రాదు. కొడుకు అడిగాడు: "ఎలా పెట్టమంటావమ్మా?" ఆమె తడుముకోకుండా చెప్పింది. పౌరాణికాలు ఒక పక్క, జానపదాలు ఒక పక్క, సాంఘికాలు ఒక పక్క.

ఒక తరం తెలుగువారికి సినిమాలు అలాగే విడివడి ఉండేవి. ఏ కంప్యూటరు పుస్తకంలోనూ లేని ఆ వర్గీకరణ ప్రకారం మూడు అరలు తయారయ్యాయి. నాలుగవ అరలో పెళ్ళి డిస్కు, తిరునాళ్ళ డిస్కు. ప్రతి సినిమాకూ పోస్టరు పెట్టారు. పేరు చదవకుండానే రామారావు కిరీటాన్ని బట్టి, నాగేశ్వరరావు పంచెకట్టును బట్టి, సావిత్రి చూపును బట్టి ఆమె ఇట్టే పోల్చుకునేది. గోడ మీది వాల్‌పోస్టరు చూసి సాయంత్రం ఆటకు వెళ్ళాలో లేదో నిర్ణయించుకున్న తరం అది. పోస్టర్ల తెర వారికి కొత్తది కాదు. నిజానికి కొత్తదని మనం అనుకునే ఆ ఏర్పాటు తెనాలి గోడల మీద ఏనాడో ఉన్నది.

వారం తిరిగేసరికి గది స్వరూపం మారింది. సాయంత్రం ఏడింటికి వరంగల్ కుర్రవాడు అరగంట విరామం తీసుకుని వచ్చి గడపలో కూర్చునేవాడు. తరువాత కింది అంతస్తు నుంచి శ్రీకాకుళం అబ్బాయి, ఎదురు మేడ నుంచి కర్నూలు అమ్మాయి. చెప్పులు బయట విడవమని, చదువుకునే వేళ అయిందని లేవమని అజమాయిషీ చేసేది ఆమె. రిమోట్ ఆమె చేతిలోనే ఉండేది. పిల్లల్లో ఎవరైనా అందుకోబోతే, "నాకు తెలుసులే" అనేది.

వైద్యులు ఇక ఊరికి వెళ్ళవచ్చునన్నారు. మే నెల ఎండల్లో ఆమె జీటీ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కింది. చీరల మడతల మధ్య ఆ చిన్న లోహపు డబ్బా కూడా ప్రయాణం కట్టింది. పెద్ద క్యాబినెట్ కొని ఉంటే అది జియా సరాయ్‌లోనే ఎవరికో సగం ధరకు మిగిలిపోయేది.

వెళ్ళే ముందు కొడుకు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసి డబ్బా మూతకు అంటించాడు. ఒకటి, టీవీ పెట్టు. రెండు, బాణం మీటలతో బొమ్మ దగ్గరకు వెళ్ళు. మూడు, మధ్య మీట నొక్కు. నాలుగు, ఏమైనా భయపడకు, తీగ పీకి మళ్ళీ పెట్టు.

మొదటి మూడు వాక్యాలు ఏ యంత్రం మీదనైనా రాయవచ్చు. ఇంట్లో పెద్దవారి కోసం కంప్యూటరునూ, దానికి ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ఎంచుకునేవారు నాలుగవ వాక్యాన్ని అబద్ధం కాకుండా రాయగలమా అని చూసుకుంటే చాలు.